మిషిన్ల నీళ్లు

హనుమాండ్లును పనిలోంచి తీసేస్తున్నప్పుడు కల్పన మెట్ల మలుపులో నిలబడి ఉంది. రోజూ మొదటి షిఫ్టుకు ముందు డాబా ఎక్కి, శుద్ధయిన నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో గాజుగొట్టంలో చూసుకుని, కిందికి దిగి డయాలిసిస్ మెషిన్లు మొదలుపెట్టడం ఆమె పని. ఆ పొద్దు పైమెట్టు దాకా పోలేకపోయింది.

"ఫిల్టర్లు కడుగుమంటే కడుగవు. నీళ్లు ఎదురు తోలి బ్యాక్‌వాష్ జెయ్యమంటే మూలకు కూసొని బీడీ తాగుతవ్. మెంబ్రేన్ మొత్తం జామ్ అయింది. కింద మిషిన్లకు నీళ్లు చాలుతలేవ్. ఎవడు జవాబు జెప్పాలె?"

మేనేజరు లక్ష్మీకాంత్ గొంతు మోటరు రొదను మించి వినిపిస్తోంది. డాబా మీద నీళ్లు శుద్ధిచేసే రేకుల గదిలో ఆయన వేలు ప్రెషరు గేజు అద్దం మీద టకటక కొడుతోంది. లోపల ముల్లు ఎర్రగీత దాటి వణుకుతోంది.

"రోజు రెండుమాట్ల కడుగుతున్న సార్. కడిగిన కొద్ది గట్లనే అయితుంది. బంక బంక..."

"నీళ్ల మీద పెట్టకు. రేపట్నుంచి రాకు నువ్వు."

హనుమాండ్లు భుజం మీది తువాలతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడిగా తుడుచుకున్నాడు. గది తాళంచెవి మేకుకు తగిలించి మెట్లు దిగాడు. కల్పన పక్కకు రాగానే ఆగి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తన చేతిలోని గాజుగొట్టం వైపు చూపు తిప్పుకుంది.

బోరు అడుగంటి ట్యాంకరు నీళ్లు తెప్పించడం మొదలయ్యాక, ఆ నీళ్లు మట్టిరంగులో వస్తున్నాయని లక్ష్మీకాంతే మల్లాపూర్ నుంచి తెల్ల పౌడరు సంచి మోయించుకొచ్చాడు. అప్పుడూ కల్పన అక్కడే ఉంది. 'సంపుల రెండు డబ్బాలు కలుపు, మట్టంత అడుక్కు దిగుతది' అన్నాడు. 'ఉప్పు పేరుకోకుండ ఒక మందు పోస్తనే ఉన్నం గద సార్, దాని మీద ఇదా?' అని హనుమాండ్లు అడిగాడు. 'అది ఉప్పుకు, ఇది మట్టికి. నువ్వు జెయ్యి' అన్నాడు. హనుమాండ్లు చేశాడు. నీళ్లను వడకట్టే మెంబ్రేన్ జామ్ కావడం ఆ తర్వాతే మొదలైంది.

ఈ మాట పైకెక్కి చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అప్పటికే లక్ష్మీకాంత్ మెట్లు దిగుతున్నాడు. "ఏం కల్పనా, టెస్ట్ అయిందా? పేషెంట్లు కూసున్నరు, జల్దీ" అన్నాడు.

"అవుతుంది సార్" అంది కల్పన.

వీధి గేటు కిర్రుమని తెరుచుకుని మళ్లీ మూసుకున్న చప్పుడు కింద నుంచి వినిపించింది.

ఉప్పల్ మెట్రో పట్టాలకు ఒక సందు లోపలుంది ఆ డయాలిసిస్ సెంటరు. ఒకటే పెద్ద హాలు, గోడ పొడుగునా కుర్చీల్లాంటి మంచాలు, ప్రతి మంచం పక్కనా నిలువెత్తు మెషిన్. వచ్చేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. వారానికి మూడుసార్లు ఒక్కో పూట ఇక్కడే గడిపేవాళ్లు. ఎవరింట్లో ఏం కూర వండారో, డాక్టరు వద్దన్న కొబ్బరినీళ్లు ఎవరు దొంగతనంగా తాగారో హాలంతటికీ తెలుస్తుంది.

మధ్యాహ్నం షిఫ్టులో శంకరమ్మను మెషిన్‌కు ఎక్కించింది కల్పన. ఉప్పల్ మార్కెట్లో పూలమ్మే మనిషి. చేతినరాలు సన్నబడిపోవడంతో ఆమెకు మెడ దగ్గర గొట్టం పెట్టారు. కల్పన చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, గొట్టం మూతల్ని మందుదూదితో తుడిచి, లైన్లు బిగించింది. రక్తం సన్నటి పైపులో ఎక్కి, తెల్లటి డయలైజర్ గొట్టంలోకి దిగి, దాన్ని ఎర్రగా నింపింది. మెషిన్ చక్రం నెమ్మదిగా తిరగసాగింది.

"హనుమాండ్లు పొద్దున ఏడుసుకుంట పోయిండంట గద?" అంది శంకరమ్మ. "గేటు కాడ పండ్ల బండామె జెప్పింది."

"నాకు తెల్వదు పెద్దమ్మా."

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో కల్పనకే అర్థం కాలేదు. బ్లడ్ ప్రెషరు చూసి, రాసుకుని, పక్క మంచానికి నడిచింది. రెండు మెషిన్లు నీళ్లు చాలడం లేదని కూస్తుంటే వాటిని ఆపేసి, ఆ ఇద్దరినీ బయట బెంచీ మీద కూర్చోబెట్టింది.

గంట గడిచిందో లేదో, శంకరమ్మ దుప్పటి అడిగింది. బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ. కల్పన దుప్పటి తెచ్చి కప్పింది. "ఇంకొకటి తే బిడ్డ" అంది శంకరమ్మ. రెండో దుప్పటి కప్పేలోపే పళ్లు టకటకలాడాయి. మంచమంతా ఊగిపోయేలా వణుకు పట్టుకుంది. నోరు తెరిచినా మాట రావడం లేదు. కల్పన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ పట్టులో ఉన్న బలానికి కల్పన బెదిరిపోయింది.

మెషిన్ ఆపింది. డ్యూటీ డాక్టరు వచ్చి సూది ఇచ్చాడు. మెడలో గొట్టం ఉన్నవాళ్లకు ఇట్లా వస్తుంటుందనీ, గొట్టానికి ఇన్ఫెక్షన్ పట్టి ఉంటుందనీ అన్నాడు. రక్తం పరీక్షకు పంపాడు. పెద్ద డాక్టరు ఢిల్లీలో ఏదో సమావేశంలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు.

"గొట్టమే అయి ఉంటది" అంది కల్పన తనలో తాను. సాయంత్రం దాకా ఆ మాటనే పట్టుకుని తిరిగింది.

మర్నాడు పొద్దున కనకరాజు వచ్చాడు. నాచారంలో టైలరు. పొడుగ్గా, ఎముకల మీద చొక్కా వేలాడేసినట్టుంటాడు. అతని ఎడమ చేతి మీద ఫిస్టులా తాడులా ఉబ్బి ఉంటుంది. ఆపరేషన్ చేసి కలిపిన ఆ రక్తనాళంలోకే రెండు సూదులు గుచ్చాలి. ఒంట్లో ఎక్కడా గొట్టం లేదు.

"మేడం, ఈ బ్లౌజు కుట్టు ఎవరిది?" అన్నాడు ఆమె భుజం వైపు చూస్తూ. "చంక కాడ పట్టేసింది. నేనైతే గిట్ల కుట్టను."

వచ్చినప్పుడల్లా నవ్వించే మాటలే. కల్పన నవ్వింది. సూదులు గుచ్చి, టేపు అంటించి, మెషిన్ మొదలుపెట్టింది. తిరిగి చూసేసరికి అతను రెండు మోకాళ్లూ పొట్టలోకి ముడుచుకుంటున్నాడు.

"చలి" అన్నాడు. "మేడం, లోపట చలి."

కల్పన అతని మెడ వైపు చూసింది. మెడ మీద ఏమీ లేదు. నిన్నంతా పట్టుకు తిరిగిన మాట చేతిలోంచి జారిపోయింది.

మిగతా మంచాల మీద మరో ఐదుగురు ఉన్నారు. ఐదు చక్రాలు తిరుగుతున్నాయి. ఒక్కో మనిషికి ఒక్క షిఫ్టులో ఎన్నో బిందెల నీళ్లు డయలైజర్‌లో రక్తం పక్కనుంచి పారుతాయి. వెంట్రుకల్లాంటి గొట్టాల పల్చటి గోడ ఒక్కటే వాటి మధ్య అడ్డం. ఐదుగురూ కనకరాజును చూస్తున్నారు. తర్వాత ఒకరొకరుగా ఆమె వైపు చూశారు. ఎవరి ఒంట్లో చలి మొదలైందో, ఎవరు ఇంకా చెప్పలేదో ఆమెకు తెలియదు.

ఒక్కొక్క మెషిన్ దగ్గరికీ నడిచి ఆపేసింది. కనకరాజు సూదులు తీసేటప్పుడు దూది రెండుసార్లు కింద పడింది.

లక్ష్మీకాంత్ పరుగున వచ్చాడు. "ఎవరాపుమన్నరు?"

"నీళ్లే అనిపిస్తుంది సార్. ఈయనకు గొట్టం లేదు."

"అనిపిస్తే ఆపేస్తవా?" ఆమెను వరండాలోకి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "శాంపిల్ ల్యాబుకు పంపుతున్న. రిపోర్టు రానీ. అప్పటిదాక వీళ్లను ఏడికి పొమ్మంటవ్? వీళ్లల్ల సగం మంది రెండు రోజులు ఆగితే ఊపిరాడక పోతరు. ఆ పాపం నువ్వు మోస్తవా?"

ఆ మాటలో అబద్ధం లేదు. మెషిన్ నడిపితే ఏమవుతుందో తెలియదు. నడపకపోతే ఏమవుతుందో బాగా తెలుసు.

"నీకు భయమైతే ఇంట్ల కూసో" అన్నాడు. "రేపటికి కాప్రా బ్రాంచి నుంచి ఉమారాణిని పిలుస్తున్న. ఆమె నడుపుతది."

సాయంత్రం భర్త ధర్మేందర్ బండి మీద నాచారంలో హనుమాండ్లు ఇంటికి పోయింది కల్పన. ధర్మేందర్ మల్లాపూర్‌లో లేతు మెషిన్ మీద పని చేస్తాడు. దారంతా ఏమీ అడగలేదు. పాత ఊరి సందు మొదట్లో బండి ఆపి, "పోయిరా, నేను ఈడుంట" అన్నాడు. కాసేపాగి, "జర సూసి మాట్లాడు" అన్నాడు.

కల్పన గడప దగ్గరికి రాగానే హనుమాండ్లు భార్య సాలమ్మ చేటలో బియ్యం వదిలేసి లేచింది. "ఇంట్ల లేడు" అంది. లోపల మంచం కిర్రుమన్నది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు.

"నేనే ఒచ్చిన అత్తా. ఇంకెవరు లేరు."

"పోలీసోళ్లు రాలే గద?"

"పోలీసులెందుకొస్తరు?"

"నిన్నట్నుంచి మందికి చలిజరాలొస్తున్నయట. పండ్ల బండామె ఫోన్ జేసింది. ఈయన పొద్దుగాల్నుంచి తిండి ముట్టలే."

హనుమాండ్లు చీకటి గదిలోంచి బయటికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు.

"మామా, ఆ పౌడరు ఎంత ఏసినవ్?" అని అడిగింది కల్పన.

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్ రెండు డబ్బాలన్నడు" అన్నాడు హనుమాండ్లు. "ఏసిన. నీళ్లు తేటగయినయ్. ఇంకింత ఏస్తే ఇంకా తేటగైతయ్ గదాని నాలుగేసిన. సంపుల అడుగు కనబడింది బిడ్డ, అద్దం లెక్క. మంచిగ జేస్తున్న అనుకున్న. తర్వాతనే ఆ బంక ఒచ్చుడు షురువయింది. ఫిల్టర్లు ముట్టుకుంటే తుమ్మబంక తీరు చేతికి అంటుకుంటుండె. సార్‌కు సూపిచ్చిన. కడుగుమన్నడు."

"ఎవరికన్నా జెప్పుండాల్సింది మామా. ఆ నీళ్లు మనుషులకు పోతయ్ గద."

"మనుషులకా?" అన్నాడు హనుమాండ్లు. "తాగే నీళ్లు వేరే క్యాన్లొస్తయ్ గదా. ఇవి మిషిన్ల నీళ్లు. మిషిన్లు వేడెక్కకుండ సల్లార్చుతందుకు."

కల్పన అతన్ని చూస్తూ ఉండిపోయింది. మూడేళ్లుగా డాబా మీద పని చేసిన మనిషి. హాల్లోకి చెప్పులతో రాకూడదని బోర్డు ఉంటుంది. అతను చెప్పులు విడిచి కూడా ఏనాడూ లోపలికి రాలేదు. ఎవరూ రమ్మనలేదు. ఏ నీళ్లు ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పలేదు. తానూ చెప్పలేదు. చెప్పాలని తోచనేలేదు.

"రక్తం కడుగుతందుకు మామా" అంది మెల్లగా. "మనిషి రక్తం మిషిన్లకు ఒస్తది. పక్కనుంచి నీ నీళ్లు పోతయ్. మధ్యల సన్నని పొర. అంతే."

హనుమాండ్లు తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి గడప మీద కూర్చున్నాడు.

"ఎవరన్న సచ్చిన్రా?"

"లేదు. ఎవరు సావలే."

"సస్తరా?"

కల్పన అతని భుజం మీద చెయ్యి వేసింది.

"రేపు పొద్దున ఒచ్చి ఈ మాట జెప్తవా మామా?" అని అడిగింది. సాలమ్మ గబగబా అడ్డం వచ్చింది. "వద్దు బిడ్డ. పెద్దోళ్లు పెద్దోళ్లు ఒకటైతరు. ఈయనను జైల్ల ఏస్తరు. నీ కాళ్లు మొక్కుత" అంది. నిజంగానే వంగబోయింది. కల్పన ఆమె భుజాలు పట్టుకుని లేపింది. హనుమాండ్లు తల ఎత్తలేదు.

సందు చివర ధర్మేందర్ పక్కన నిలబడి, ప్లాంటు బిగించిన కంపెనీ ఇంజనీరు జీవన్‌కు ఫోన్ చేసింది. అతను మొదట వినీ విననట్టు మాట్లాడాడు. పౌడరు మాట రాగానే ఆగాడు.

"సంచి మీద ఏముందో యాదికుందా మేడం? మురికినీళ్ల ప్లాంట్లల్ల ఏసేదేనా?"

"అట్లనే ఉంది. మట్టి ముద్దగట్టి అడుక్కు దిగుతది."

"స్కేలు మందు, ఉప్పు పేరుకోకుండ పోసేది, నడుస్తుండంగనే ఏసిన్రా? ఏయొద్దు మేడం. ఒకదానికొకటి పడదు. ప్లాంటు బంద్ పెట్టండి. పొద్దున నేనొస్త."

ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. ధర్మేందర్ ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, బండి స్టార్ట్ చేశాడు.

తెల్లారేసరికి హాలు బయట బెంచీలు నిండిపోయాయి. నిన్న సగంలో ఆగిపోయినవాళ్లు, ఇవ్వాళ వంతు ఉన్నవాళ్లు. కనకరాజు గోడకు ఆనుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. రాత్రంతా పడుకుంటే ఊపిరాడలేదనీ, కూర్చునే తెల్లార్చాననీ ఒక్కో మాటకూ ఆగి ఆగి చెప్పాడు. పాదాల వాపుకు చెప్పులు పట్టలేదు. మొన్న సూదితో వణుకు తగ్గి ఇంటికి పోయిన శంకరమ్మ మనవడి భుజం పట్టుకుని వచ్చింది. లోపల ఉమారాణి గ్లవ్స్ తొడుక్కుంటోంది.

కల్పన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవ్వాళ ఎవరినీ ఎక్కించొద్దు" అంది. మళ్లీ గట్టిగా అంది. "నీళ్లు మంచిగ లెవ్వు. నిన్న మొన్న వణుకులు నీళ్లతోనే ఒచ్చినయని నా అనుమానం. సంపుల ఒక పౌడరు కలిపిన్రు. అది, స్కేలు మందు కలిసి మెంబ్రేన్‌ను పాడు జేసినయ్. నాకు ముందే తెలుసు పౌడరు కలుపుతున్నరని. నేను నోరు తెర్వలే."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. గిప్పుడు జెప్తే ఎట్లని ఒకరు, మా పానాలంటే ఆటలా అని ఇంకొకరు. ఒకామె ఏడుస్తూ, "నడిపియ్యి బిడ్డ, చలి ఒస్తే ఒచ్చె, నాకు ఊపిరాడుతలేదు" అని కల్పన కొంగు పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకోవడం కల్పనకు చేతకాలేదు.

లక్ష్మీకాంత్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఈమె మాట నమ్మకండి. రిపోర్టు రాలే. ఉమారాణీ, నువ్వు షురు జెయ్యి."

ఉమారాణి కల్పనను చూసింది, మంచాలను చూసింది. తొడుక్కున్న గ్లవ్స్ తీసేసింది. "నాకు భయమయితుంది సార్" అంది.

అప్పుడే జీవన్ పనిముట్ల సంచితో వచ్చాడు. అతని వెనక, నాలుగడుగుల దూరంలో, హనుమాండ్లు ఉన్నాడు. గేటు బయట ఎప్పట్నుంచో నిలబడి ఉన్నట్టున్నాడు. లక్ష్మీకాంత్ అతన్ని చూసి నోరు తెరిచేలోపే, తువాల తలకు చుట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

డాబా మీద జీవన్ బోల్టులు విప్పుతుంటే హనుమాండ్లు పైపు కింద బకెట్ పెట్టి పట్టుకున్నాడు. తెల్లటి పొడుగాటి గొట్టంలోంచి మెంబ్రేన్‌ను ఇద్దరూ కలిసి లాగారు. మామూలుగా సులువుగా జారి వస్తుంది. ఇప్పుడు కదల్లేదు. జీవన్ కాలు తన్నిపెట్టి లాగాడు. బయటికి రాగానే దాని మొనకు గోధుమరంగు బంక వేలాడింది. జీవన్ దాన్ని వేళ్ల మధ్య తీసి సాగదీశాడు. అది తెగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"రెండూ మంచి మందులే సార్" అన్నాడు వెనకే ఎక్కి వచ్చిన లక్ష్మీకాంత్‌తో. "ఇది మట్టిని దగ్గరికి గుంజి ముద్దగడతది. స్కేలు మందేమో ఉప్పు ముద్దగట్టకుండ సూస్తది. రెండూ ఒకేతాన కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకొని గిట్ల బంకయితయ్. మెంబ్రేన్ మూసుకుపోతది. నీళ్లు తక్కువొస్తయ్. ఒచ్చిన ఆ కొన్ని నీళ్లు ట్యాంకుల, పైపుల నిలిచి కంటికి కనబడని పురుగు పట్టినట్టుంది. ల్యాబోళ్లు జెప్తరు. నేనైతే ఈ నీళ్లు మనిషికి పెట్టను."

"పౌడరు నేనేసిన" అన్నాడు హనుమాండ్లు. ఎవరూ అడగలేదు. బకెట్ ఇంకా పట్టుకునే ఉన్నాడు. "సార్ ఏయమన్నడు. రెండు డబ్బాలన్నడు. నాలుగు నేనేసిన."

లక్ష్మీకాంత్ ఆ బంకను చూస్తున్నాడు. ముఖంలో రంగు దిగిపోయింది. "నాకెవరు జెప్పలే" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. "దుకాణంల మంచిదన్నడు. నాకెవరు జెప్పలే." రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. రుమాలు జారిపోతే, వంగి తీసుకోలేదు.

కింది నుంచి శంకరమ్మ కేక వినిపించింది. "ఎవరన్న రాండ్రి! ఈ పిలగాడు పోతుండు!"

కనకరాజు పెదవులు నీలంగా మారాయి. ఊపిరితో పాటు నురగ చప్పుడు వస్తోంది. డ్యూటీ డాక్టరు ఇంకా రాలేదు, కల్పనే ఆక్సిజన్ పెట్టింది. మాస్కు వెనక అతని కళ్లు ఆమెనే చూస్తున్నాయి. ఆ చూపులో కోపమేమీ లేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది. ఆపింది తాను. నిన్న ఆ వణుకు తగ్గాక మళ్లీ నడిపి ఉంటే ఇప్పుడు ఇట్లా ఉండేవాడు కాదేమో. నడిపి ఉంటే అసలు ఉండేవాడో లేదో.

లక్ష్మీకాంత్ ఫోన్ మీద ఫోన్ చేశాడు. తార్నాకలో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్‌కు ఒక్క మంచం ఖాళీ ఉందన్నారు. ఒక్కటే. బెంచీల మీద అందరూ విన్నారు. కొంగు పట్టుకున్న ఆమె కల్పనను వదిలి గోడకు ఒరిగింది.

"ఆ పిలగాణ్నే తోల్కపోండ్రి" అంది శంకరమ్మ. "మేం పొద్దుమీకి దాక ఆగుతం. ఆగలేనోళ్లు ఉంటే ఇప్పుడే జెప్పుండ్రి." ఎవరూ చెప్పలేదు. అంబులెన్సు కోసం చూడకుండా లక్ష్మీకాంత్ తన కారు గేటులోకి తెచ్చాడు. హనుమాండ్లు కనకరాజును చంకల కింద పట్టి లేపాడు. కల్పన ఆక్సిజన్ సిలిండరు ఎత్తుకుని వెనక సీట్లో కూర్చుంది.

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర కనకరాజు తల ఆమె భుజం మీదికి వాలింది. ఆమె అతని చెంపల మీద కొట్టింది. "అన్నా, కండ్లు తెరువు. నా బ్లౌజు గురించి మాట్లాడు. అన్నా." అతను కళ్లు తెరవలేదు. లక్ష్మీకాంత్ హారన్ మీద చెయ్యి తీయకుండా, ఎర్రలైటు దాటించి, ఏడుస్తూ బండి నడిపాడు. అద్దంలో అతని ముఖం చూసి కల్పన చూపు తిప్పుకుంది.

అక్కడ స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తలుపులు మూశారు. ఆమె వరండాలో నేల మీదే కూర్చుండిపోయింది. ఎవరు పక్కనుంచి పోయినా, తనకే చెప్పడానికి వస్తున్నారనుకుంది. మధ్యాహ్నం ఎప్పుడో తలుపు తెరుచుకుని, ఒక నర్సు ఆమెను చూసి తలూపింది. లోపల మెషిన్ చక్రం తిరుగుతోంది. కనకరాజు కళ్లు తెరిచే ఉన్నాడు. మాట్లాడలేదు. చెయ్యి మాత్రం ఎత్తి, మళ్లీ దించాడు.

ఆ రోజు సాయంత్రానికి మిగతావాళ్లందరికీ ఎక్కడో అక్కడ మంచాలు దొరికాయి. ఉమారాణి ఆటోల్లో ఇద్దరిద్దరిని ఎక్కించి, వెంట పోయింది. ల్యాబు రిపోర్టు జీవన్ చెప్పినట్టే వచ్చింది. పెద్ద డాక్టరు ఢిల్లీ నుంచి వచ్చి పైపులన్నీ మార్పించాడు. కొత్త మెంబ్రేన్లు బిగించారు. పౌడరు సంచి ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. రెండో రిపోర్టు మంచిగా వచ్చేదాకా హాలుకు తాళం పడింది.

తాళం తీసిన పొద్దున హనుమాండ్లు వచ్చాడు. లక్ష్మీకాంతే పిలిపించాడు. క్షమించమని అనలేదు. "నువ్వు లేకుంటే ప్లాంటు నడుస్తలేదు" అని మాత్రం అన్నాడట.

హనుమాండ్లు నేరుగా డాబా మీదికి పోలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అక్కడే నిలబడ్డాడు.

"లోపటికి రా మామా" అంది కల్పన.

శంకరమ్మను ఎక్కిస్తుంటే చూశాడు. రక్తం పైపులోకి ఎక్కేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. కల్పన డయలైజర్ చూపించింది. ఇటునుంచి రక్తం, అటునుంచి నీ నీళ్లు అని వేలితో చెప్పింది. అతను ఆ గొట్టాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది గట్ల సూస్తున్నవ్?" అంది శంకరమ్మ. "నన్నెప్పుడు సూడలేదా?"

"సూడలే అమ్మా" అన్నాడు హనుమాండ్లు. ఇంకేమీ అనలేక మెట్లెక్కి పోయాడు.

కల్పన తర్వాతి మంచానికి పోయింది. కనకరాజు చొక్కా చెయ్యి మడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇంకా నీరసంగానే ఉన్నాడు. ఆమె సూది చేతిలోకి తీసుకుంది.

పైన మోటరు ఆగిపోయింది. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నీళ్లు లేవని శంకరమ్మ మెషిన్ కూయసాగింది. కల్పన పరుగున పోయి దాన్ని ఆపింది. శంకరమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. హనుమాండ్లు గుమ్మంలోకి వచ్చాడు. ముఖమంతా చెమట.

"మేడం, మోటరు నేనే బంద్ జేసిన" అన్నాడు. "నీళ్ల మీద సన్నగ నురగ కనబడ్డది. ఏం లేదో, ఏమన్న ఉందో నాకు తెల్వదు. నాకు భయమైంది."

ఆఫీసు గదిలోంచి లక్ష్మీకాంత్ లేచి వచ్చాడు. "మళ్లీ ఏందిది?" అనబోయి, మంచాల మీదివాళ్లను చూసి, మాట మింగేశాడు.

కల్పన సూది ట్రేలో పెట్టేసింది. గాజుగొట్టం తీసుకుంది.

"ఏమైందట మేడం?" అని అడిగాడు కనకరాజు.

"హనుమాండ్లు మామకు భయమైందట."

కనకరాజు మడుచుకున్న చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"అయితే ఆగుదాం" అన్నాడు.